యాడి వెనక్కి అడిగిన రక్తం

యాడి పోయిందన్న సంగతి, నేను ఒక మనిషి మోచేతి దగ్గర నరం వెతుకుతుండగా తెలిసింది.

మహబూబాబాద్‌లో నేను పనిచేసే ల్యాబుకు షుగరు పరీక్ష కోసం వచ్చాడాయన. ఊరు నర్మెట్ట అవతలి తండా. కూతురు ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, కళ్ళు తిరుగుతున్నాయని ఇటు వచ్చాడు. నా మొహం వైపు కాసేపు చూసి, "నువ్వు మా కంకర క్రషర్ల రక్తం తీస్కున్న పిల్లవు గద?" అన్నాడు. ఔనన్నాను.

"యాడి పోయింది బిడ్డా. ఎరికేనా?"

సూది పక్కన పెట్టాను. ఏమైందని అడిగాను.

"జరమొచ్చింది. జనగామ దవాఖానల ఏసిన్రు. మంచం మీద పండుకోమంటె పంటదా? సెలైన్ సీసా చేతుల పట్టుకొని వార్డంత తిరిగింది. నీకేమైంది, నీకేమైంది అని అందరి మంచాలకాడికి పోయి అడిగింది. నర్సమ్మలు మొత్తుకున్నరు. పొద్దుగూకె యాళ్ళకు ఒక్కసారి మంచానికి ఒరిగింది, గంతే." నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి చివరికి వచ్చేసరికి నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల తిప్పుకున్నాడు.

ఆయన రక్తం తీశాను, దూది అద్దాను, తర్వాతి మనిషిని పిలిచాను. ఆ రోజంతా చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. మనసు మాత్రం ఒకచోట నిలవలేదు. ఇప్పటికీ నిలవడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె అసలు పేరు నాకు తెలుసు. రాయను. తన గురించి ఏది ఎవరికి చేరాలో తనే చెప్పాలని పట్టుబట్టిన మనిషి ఆమె. అడిగి రాద్దామంటే ఇప్పుడు లేదు. తండాలో యాడి అంటే అమ్మ. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. మా అందరికీ ఆమె పేరు అదే.

ఆమె కూర్చోగా నేను చూడలేదు. అన్నం కంచం చేత పట్టుకుని క్రషర్ షెడ్డు చుట్టూ తిరుగుతూ తినేది. ఒక ముద్ద ఒకరి దగ్గర, ఇంకో ముద్ద ఇంకొకరి దగ్గర. ఎవరి కూర బాగుందనిపిస్తే వాళ్ళ గిన్నెలోంచి అడక్కుండానే ఇంత తీసుకునేది. ట్రాక్టర్ ట్రాలీలో అందరూ చతికిలబడితే తను ముందున్న ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడి వచ్చేది. కూసో యాడీ అని ఎవరైనా అంటే "కూసుంటె నా కాళ్ళు నన్ను తిడ్తయి" అనేది.

మాట్లాడటం కూడా అలాగే. మొదలుపెట్టకముందే చెయ్యి అడ్డంపెట్టి "ఆగు, నా మాట కాలే" అనేది, అవతలివాళ్ళు నోరు తెరవకపోయినా సరే. సగం మాటలో బయటికి వెళ్ళిపోయేది. ఆ సంగతి వదిలేసిందనుకుని మనం వేరే మాటల్లో పడేవాళ్ళం. కాసేపటికి వచ్చి, ఆపిన చోటి నుంచే అందుకునేది. మొహానికి కట్టుకున్న దస్తీని మాటిమాటికీ విప్పి, దులిపి, మళ్ళీ కట్టేది. దులిపినప్పుడల్లా తెల్లటి రాతిపొడి గాలిలోకి లేచి తిరిగి ఆమె మీదే పడేది. కనురెప్పల మీద ఆ పొడి ఎప్పుడూ ఉండేది. మోచేతుల దాకా వేసుకునే గాజులు కంకర మోసే బెల్టుకు చిక్కుతాయని ఎప్పుడో తీసేసిందట. ఆ చేతులు ఇప్పటికీ బోసిగా అనిపిస్తాయని ఒకసారి అంది, కానీ ఆ మాట కూడా నడుస్తూనే.

ఆమె గొప్ప మనిషని చెప్పడానికి ఇది రాయడం లేదు. నోరు పెద్దది. అబద్ధాలు ఆడేది. రక్తం ఇచ్చినవాళ్ళకు మేం పంచే బిస్కెట్ పొట్లం, పక్కింటామె కోసమని చెప్పి రెండోది తీసుకునేది. పక్కింటామె అప్పటికే వరుసలో నిలబడి తన పొట్లం తాను తింటూ ఉండేది. తాగినవాళ్ళ రక్తం చూస్తే ఏ రోజు ఎంత తాగారో డాక్టర్లకు తెలిసిపోతుందని తండా అంతా ప్రచారం చేసింది. దాంతో మొదటి వారం మగవాళ్ళు ఎవరూ మా దగ్గరికి రాలేదు.

మేం అక్కడికి ఎందుకు వెళ్ళామో చెప్పాలి. హైదరాబాదు నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. ఒకే క్రషర్‌లో, ఒకే దుమ్ములో పనిచేసిన ఇద్దరిలో ఒకరికి కొన్నేళ్ళకే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఇంకొకరు దగ్గుకుంటూనే అయినా ముసలితనం దాకా నెట్టుకొస్తారు. ఈ తేడా పుట్టుకతో వచ్చే జన్యువుల్లో ఏమైనా ఉందా అని చూడటం వాళ్ళ పని. దానికి అప్పట్లో జనగామలో ఉంటున్న నన్ను పెట్టుకున్నారు, రక్తం తియ్యడానికీ, వాళ్ళ మాటను మనుషులకు అర్థమయ్యేలా చెప్పడానికీ. డాక్టరుగారిది కోస్తా వైపు మాట. ఆయన 'అండీ' అన్నప్పుడల్లా ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

బచ్చన్నపేట వైపున్న ఆ క్రషర్ యజమాని షెడ్డు ఇచ్చాడు, చాయ్ పోయించాడు. కూలీలను చూసుకునే మేస్త్రీ ఒక కుర్చీ తెచ్చుకుని డాక్టరుగారి పక్కనే కూర్చున్నాడు, ఎవరు వస్తున్నారో ఎవరు వెనకాడుతున్నారో చూస్తూ.

జన్యువులంటే ఏమిటో నేనే చెప్పాను. "కండ్లు నాయినలెక్క, ముక్కు అమ్మలెక్క అంటం గద. గట్లనే కంటికి కనపడనివి కూడ అమ్మనాయినల నుంచి మన ఒంట్లకు వస్తయి. గవి ఈ రక్తంల చూస్తరు."

యాడి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు, నా మాట కాలే. మా ఇంటాయన ఈ దుమ్ముకే పోయిండు. ఊపిరి అందక నోరు తెర్సుకొని పోయిండు. తప్పు ఆయన రక్తంల ఉండెనా, దుమ్ముల ఉండెనా?"

"దుమ్ము లేకపోతే ఆ జబ్బే లేదమ్మా" అన్నారు డాక్టరుగారు. "దుమ్ము ఉన్నప్పుడు ఎవరికి తొందరగా వస్తుంది, ఎవరికి ఆలస్యంగా వస్తుంది అన్నదే మేం చూసేది. అది కూడా ఖాయంగా చెప్పలేం. కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ అని మాత్రమే."

"మరి ఆయనది ఎరికైతదా ఇప్పుడు?"

"ఆయనది తెలియదమ్మా. రక్తం లేదు కదా."

యాడి బయటికి వెళ్ళిపోయింది. కంకర కుప్పల మధ్య అటూ ఇటూ తిరగడం షెడ్డులోంచి కనబడుతోంది. తిరిగి వచ్చి చీర చెంగు భుజం మీదికి తోసుకుని చెయ్యి చాపింది. "నాది మొదలు తీస్కో."

కూర్చోమన్నాను. వినలేదు. నేను కూడా లేచి నిలబడి తీశాను. అలా నిలబడి రక్తం తియ్యడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. సూది దిగుతుండగా ఆమె నన్ను కాదు, డాక్టరుగారిని చూస్తోంది.

"రేపు నాకు వద్దనిపిస్తె?"

"వద్దంటే వద్దే. మీది తీసి పారేస్తాం. కారణం కూడా చెప్పక్కర్లేదు."

"ఎప్పుడన్ననా?"

"ఎప్పుడైనా."

దూది నొక్కుకుంటూనే వెళ్ళి మిగతావాళ్ళ మీద పడింది. తన భాషలో గబగబా ఏదో అంటూ ఒక్కొక్కరినీ ముందుకు నెట్టింది. బెల్టు అవతలి కొసన పనిచేస్తున్న కూతురిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా ముందు నిలబెట్టింది. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. తల్లి ఎంత కదిలే మనిషో కూతురు అంత నిమ్మళం. నా ముందు కూర్చుని చెయ్యి చాపి, సీసాలోకి రక్తం ఎక్కుతుంటే కన్నార్పకుండా చూసింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం యాడి జనగామలో మా ఇంటి ముందు ప్రత్యక్షమైంది. అడ్రసు ఎలా కనుక్కుందో తెలియదు. మా అమ్మీ "ఆవో, బైఠో" అంటూ స్టూలు వేసింది. యాడి ఆ స్టూలు చుట్టూ తిరిగి, ఆరేసిన బట్టల మధ్యలోంచి అటు వెళ్ళి, ఇటు వచ్చింది. అమ్మీ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే ఉంది, తాగలేదు.

"నీళ్ళు బంద్ పెట్టిన్రు బిడ్డా" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. క్రషర్‌లో రాయి పడే చోట దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే పైపు ఒకటి ఉండేది. అది పాడైంది. బాగుచేయించమని అడిగితే మేస్త్రీ ఏమన్నాడో చెప్పింది.

"రిపోర్టులు రానీయుండ్రి అన్నడు. ఎవల రక్తంల దుమ్ము పడదని వస్తదో వాళ్ళను తీసేస్తరట. మిగిలినోళ్ళకు దుమ్ము ఏం చెయ్యదట. ఇగ నీళ్ళతోని ఏం పని అంటున్నడు. గట్లుంటదా? దుమ్ము వాళ్ళది, తప్పు మా రక్తానిదా?"

అలా ఉండదని చెప్పాను. పేర్లు పెట్టరనీ, సీసాల మీద నంబర్లే ఉంటాయనీ, ఎవరి ఫలితమూ యజమానికి ఇవ్వరనీ చెప్పాను. ఆమె వింటూనే వాకిట్లో ఇటు నుంచి అటు నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"నా బిడ్డది కూడ ఇప్పిచ్చిన. నాదాంట్ల ఏదన్న ఉంటె దానిదాంట్ల ఉండొచ్చు గద? నేనొక్కదాన్నే ఇస్తున్న అనుకున్న. నాది ఇచ్చుడంటె దానిది ఇచ్చుడే అని నాకు అప్పుడు తట్టలే. దాని పిల్లలది కూడ." గ్లాసులోని నీళ్ళు ఒలికి ఆమె పాదాల మీద పడ్డాయి. "నాకు నిద్ర పడ్తలేదు. నా రక్తం నాకియ్యుమను."

నేను డాక్టరుగారికి ఫోన్ చేశాను. మేస్త్రీ మాట చెప్పాను. యజమాని తరఫున తనకూ ఫోన్ వచ్చిందనీ, ఎవరెవరికి పడదో కాస్త చెప్పమన్నారనీ, తాను ఒప్పుకోలేదనీ ఆయన అన్నారు. ఆ వారమే జనగామ వచ్చారు. అక్కడ మేం అద్దెకు తీసుకున్న గదిలో ఒక ఫ్రిజ్‌లో సీసాలు దాచి ఉంచేవాళ్ళం, హైదరాబాదు పంపేదాకా.

యాడి కూతురితో వచ్చింది. అంటే కూతురిని తీసుకొచ్చింది.

డాక్టరుగారు ఆమెను తీసిపారేసినట్టు మాట్లాడలేదు. "ఆ రోజు మేస్త్రీని పక్కన కూర్చోనివ్వడం నా తప్పమ్మా. ఆయన చూస్తుంటే వద్దనేవాళ్ళు ఎలా వద్దంటారు? ఇకమీదట క్రషర్‌లో తియ్యం. బడిలోనో, సబ్ సెంటర్‌లోనో తీస్తాం" అన్నారు. తర్వాత మెల్లగా, "కానీ ఒక్కటి ఆలోచించండి. మీలాంటివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వెళ్ళిపోతే ఈ దుమ్ము ఎంత చేటు చేస్తోందో చూపించడానికి నా దగ్గర ఏమీ మిగలదు. యజమానికి కావలసింది కూడా అదే" అన్నారు.

యాడి గుమ్మం దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తున్నాం. కిరాణా కొట్టు దాకా పోయి తిరిగింది, ఎవరినో ఏదో అడిగింది, మళ్ళీ పోయింది. వచ్చి గడపలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడింది.

"నువ్వు చెప్పింది నిజమే కావొచ్చు సార్. నేను చేస్తున్నది తప్పో ఒప్పో నాకు తెల్వది. కాని ఎప్పుడు వద్దన్న వద్దే అన్నవు. వద్దంటున్న. నాది తియ్యి. దీనిది కూడ తియ్యి" అని కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

కూతురు ఆ చేతిని తీసేసింది. గట్టిగా కాదు, మీద పడిన ఆకును తీసినట్టు.

"నాది వద్దు. నాది ఉండనీ" అంది.

"ఏంది?"

"నాకు దగ్గు వస్తున్నది యాడీ. నా ఒంట్ల ఏమున్నదో నాకు తెల్సుకోవాలని ఉన్నది. సార్ చెప్తనన్నడు, అడిగినోళ్ళకు ఒక్కళ్ళనే కూసోబెట్టుకొని."

"నీదాంట్ల నేను లేనా? నాకు వద్దంటున్న గద!"

"మరి నువ్వు ఇచ్చిన్నాడు నీదాంట్ల నేను లేనా? నన్ను అడిగినవా? రెక్క పట్టుకొని గుంజుకొచ్చినవు."

యాడి డాక్టరుగారి వైపు చూసింది, నువ్వన్నా చెప్పు అన్నట్టు. ఆయన చెప్పలేదు. "ఆమెది ఆమె ఇష్టమమ్మా. మీది మీ ఇష్టమైనట్టే" అన్నారు.

ఆమె దస్తీ విప్పింది, దులిపింది, కట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే నలిపింది. ఎంతసేపటికో, "నాదన్న తియ్యి" అంది.

నేనే ఫ్రిజ్ తెరిచి ఆమె నంబరున్న సీసాలు బయటికి తీశాను. ఆమె వాటిని అరచేతిలో పెట్టించుకుంది. వేలంత కూడా లేవు. "గింతేనా?" అంది. వెలుగుకు ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఇంటికి తీసుకుపోతానంది. అలా ఇవ్వకూడదని, ఇక్కడే మందు పోసి పాడుచెయ్యాలని చెప్పాను. సరే, తన కళ్ళ ముందే చెయ్యమంది. నేను మూత తీసి మందు పోస్తుంటే, అంతసేపూ ఆమె కదల్లేదు. ఆమె కదలకుండా నిలబడటం నేను చూసింది అప్పుడే. రక్తం రంగు మారి గోధుమగా అయ్యాక, "ఇంకేడన్న ఉన్నదా నాది?" అని అడిగింది. లేదని డాక్టరుగారు చెప్పారు. ఇద్దరం కలిసి కంప్యూటర్‌లో ఆమె వివరాలు తీసేయడం కూడా చూపించాం. చూసిందే కానీ ఆమెకు అది అర్థమైందో లేదో నాకు తెలియదు.

తల్లీ కూతుళ్ళు ఒకే ఆటోలో వెళ్ళారు. ఆటోలోనైనా కూర్చోక తప్పలేదేమోనని తర్వాత నవ్వు వచ్చింది. ఆ రోజు మాత్రం రాలేదు.

తర్వాతి సంగతులు ముక్కలు ముక్కలుగా నా చెవిన పడ్డాయి. యాడి ఆడవాళ్ళను కూడగట్టి, నీళ్ళ పైపు పెట్టేదాకా బెల్టు మీద రాయి వెయ్యొద్దంది. ముందు కొందరే ఆగారు, తర్వాత అందరూ ఆగారు. యజమాని తిట్టాడు, బతిమాలాడు, చివరికి పైపు బాగుచేయించాడు. నీళ్ళు పడ్డ రోజు ఆడవాళ్ళు దాని కింద తడుస్తూ నవ్వారట. కూతురు కూడా ఆ పని ఆపినవాళ్ళలో ముందు వరసలోనే ఉందట, తల్లి పక్కన నిలబడి, తల్లితో మాట్లాడకుండా.

అందరినీ మళ్ళీ పనికి పిలిచారు, యాడిని తప్ప. రక్తం సంగతి ఆమె నోటి నుంచే క్రషర్ దాకా పాకి ఉంటుంది, కారణం అడిగితే మేస్త్రీ చెప్పిన మాట ఇది. "రక్తం ఎనుకకు తీస్కున్నదంటె ఏదో ఉన్నట్టే గద. లేకుంటె ఎందుకు తీస్కుంటది? ఆమె మంచికే చెప్తున్న, దుమ్ముల వద్దు" అన్నాడట. ఇస్తే అందులో ఉన్నది చూసి తీసేస్తారని ఆమె భయపడింది. ఇవ్వకపోతే అందులో లేనిది కూడా ఊహించి తీసేశారు. డాక్టరుగారు స్వయంగా వెళ్ళి యజమానితో మాట్లాడారు. అతను చాయ్ ఇచ్చి, కూలీల సంగతి మేస్త్రీదని, తనకేం సంబంధం లేదని చిరునవ్వు నవ్వాడట. పరిశోధన క్రషర్ బయట, తక్కువ మందితో సాగింది. నా పని అయిపోయింది. మహబూబాబాద్‌లో ఉద్యోగం దొరికి వచ్చేశాను.

యాడిని ఆఖరుసారి చూసింది భూపాలపల్లిలో. మా బంధువుల పెళ్ళికి వెళ్ళి బస్టాండు దగ్గర ఆటో కోసం చూస్తుంటే, బొగ్గు లారీలు పోయే రోడ్డు వార నుంచి ఎవరో చప్పట్లు కొట్టి పిలిచారు. యాడే. అక్కడ తమ్ముడి ఇంట్లో ఉంటూ, బొగ్గు దించే యార్డులో ఊడ్చే పనికి పోతోందట. ఇప్పుడామె రెప్పల మీద నల్లటి పొడి.

"ఏడికి పోయిన దుమ్మే బిడ్డా. ఆడ తెల్లగుండె, ఈడ నల్లగున్నది" అని నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఎటు పోతున్నామని అడిగితే "ఏడికి లేదు, నడువు" అంది. ఎండ మండిపోతోంది. పెళ్ళికని కట్టుకున్న చీరలో నేను, ఆమె వెంట పరుగులాంటి నడకతో.

ఇక్కడ కూడా ఎవరైనా రక్తం అడిగితే ఏం చేస్తావని ఊరికే అడిగాను.

"ఎవలకు ఇస్తున్నవో, ఎవలు చూస్తరో ముందుగాల చెప్పుమంట. మేస్త్రీని అవతలికి పంపుమంట" అంది. కొంచెం దూరం పోయాక, "ఇస్తనో ఇయ్యనో నాకే తెల్వది. ఒకనాడు ఇయ్యాలనిపిస్తది. మా ఇంటాయన యాదికొచ్చిన్నాడు ఇయ్యాలనిపిస్తది" అంది.

కూతురి గురించి అడిగాను. డాక్టరుగారు ఆమెకు ఫోన్ చేసి, ఫలితం తెలుసుకోవాలనుకుంటే వచ్చి మాట్లాడమన్నారట. ఆ సంగతి యాడికి ఎవరో చెప్పారు, కూతురు కాదు.

"మరి ఏం తేలిందట?"

"అడగలే."

"ఎందుకు?"

నడక వేగం పెంచింది. "అడుగుతందుకే బస్సెక్కుత బిడ్డా. జనగామల దిగుత, నర్మెట్ట ఆటో ఎక్కుత. తొవ్వ పొంట ఒకటే అనుకుంట, ఇయ్యాల అడుగుత, ఇయ్యాల అడుగుత అని. దాని వాకిట్ల నిలబడంగనే 'ఏం వండినవే' అంట. గది అడిగి మల్ల వస్త." కొంగుతో మొహం తుడుచుకుంది. నల్లటి చార బుగ్గ మీద పాకింది. "దానిది దాని ఇష్టమని ఆ సార్ అన్నడు గద. నాకు గప్పుడు మస్తు కోపమొచ్చింది. నా ఇష్టం నాదని నేనే మొదలు అన్న. ఇగ ఏమంట?"

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. యార్డులోంచి ఎవరో కేకేశారు. వెళ్ళొస్తానని కూడా అనకుండా లారీ వెనకాల దుమ్ములోకి వెళ్ళిపోయింది. అదే ఆఖరు.

మహబూబాబాద్‌లో ఆ మనిషి చెప్పిన తర్వాత, వచ్చిన ఆదివారమే నేను తండాకు వెళ్ళాను. కూతురు వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను గుర్తుపట్టింది. నీళ్ళిచ్చింది, పక్కన కూర్చుంది. తనను చూడటానికి వచ్చి జ్వరాన పడ్డ తల్లి ఆఖరి రోజుల గురించి నిమ్మళంగా చెప్పింది. జ్వరంలో కూడా తనను చూడగానే ఏం వండినవే అని అడిగిందని చెప్పి, మిరపకాయల్ని చేత్తో సర్దుతూ ఉండిపోయింది.

"ఇంకేం అడగలేదా?" అన్నాను.

నేనేం అడుగుతున్నానో ఆమెకు తెలిసింది. నాకు అడిగే హక్కు లేదని నాకు అప్పుడు తోచి, "చెప్పక్కర్లేదు" అన్నాను.

"చెప్తందుకు ఏం లేదక్కా. నేను పోలే."

"డాక్టరు దగ్గరికా?"

"ఆ. సార్ ఫోన్ చేసిండు. పోయిన కూడ. జనగామల దిగిన, ఆ రూం దాంక నడిచిన. తలుపు కొట్టబోయి ఆగిన." గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నాల ఏదన్న ఉన్నదంటె, అది బాపు నుంచన్న రావాలె, యాడి నుంచన్న రావాలె. బాపు సంగతి ఇగ ఎవలకు ఎరుక కాదు. మిగిలింది యాడి. యాడేమో నాకు వద్దని సార్ మొఖం మీద చెప్పొచ్చె. యాడి వద్దన్నది నేను తెల్సుకొని, ఆమె వాకిట్ల నిలబడ్డప్పుడు ఆమె మొఖం ఎట్ల చూడాలె? తిరిగొచ్చిన."

"ఈ మాట యాడితో చెప్పలేదా?"

"అడిగితె చెప్దామనుకున్న."

కోళ్ళు మిరపకాయల మీదికి వచ్చాయి. ఆమె వాటిని అదిలించింది. మెడ తిప్పినప్పుడు చిన్నగా దగ్గు వచ్చింది, ఆపుకుంది.

"నీళ్ళు పడుతున్నాయా క్రషర్‌లో?" అని అడిగాను, వేరే ఏం అడగాలో తెలియక.

"పడ్తున్నయి. ఎండకాలం జర తక్కువ పడ్తయి. అడిగి పెట్టిస్తున్నం." కాసేపటికి తనే అంది, "సార్ మొన్న మల్ల ఫోన్ చేసిండు. యాడి పోయిందని తెల్సి చేసిండు. ఎప్పుడు రావాలన్న రా, వద్దంటె వద్దు అన్నడు."

"వెళ్తావా?"

ఆమె గడప వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఇప్పుడు పోవచ్చు. ఎవల మొఖం ఎట్ల చూడాలె అన్న బాధ లేదు" అంది. "అయినా పోబుద్ధి అయితలేదక్కా."